పాత కంప్యూటర్ పసుపెక్కితే: చలువ చేయాలా, రంగు కొట్టించాలా?

ఈ ఎపిసోడ్ పాత కంప్యూటర్ల గురించి. లోపలి బోర్డుల సంగతి కాదు, పైన ఉండే ప్లాస్టిక్ గురించి. ఆదోనిలో పత్తి కమీషన్ అంగళ్లలో బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చూసింటారు. ఎమ్మిగనూరులో పెళ్లి పత్రికలు టైపు చేసే డీటీపీ సెంటర్లో టకటకమని మోగే పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డు చూసింటారు. ఇవన్నీ కొన్న రోజు మీగడ రంగులో ఉన్నవే. ఇరవై ఏండ్లు తిరిగేసరికి కొన్ని బెల్లం రంగుకు దిగాయి. అదీ సమానంగా దిగలేదు. కిటికీ వైపు ఒక రంగు, గోడ వైపు ఇంకో రంగు.

దీన్ని చూసి మనవాళ్లు రెండే మాటలు అంటారు. ఒకటి, "మురికి పట్టింది, సర్ఫ్ పెట్టి తోముతే పోతుంది." రెండు, "యాడైనా పెయింట్ కొట్టిద్దాం." మొదటిది సగం నిజం. రెండోది చివర్లో చేయాల్సిన పని, దాన్ని మొదట్లోనే చేస్తున్నారు. మధ్యలో ఇంకో దారి ఉంది. ఆ దారికి కావాల్సిన ముఖ్యమైన సరుకు మన మిద్దె మీద రోజూ ఉచితంగా పడుతుంది: ఎండ.

ముందు మురికి సంగతి తేల్చుకుందాం. మన తావు నల్లరేగడి దుమ్ము, జిన్నింగు మిల్లుల చుట్టుపక్కలైతే దూది నూగు, దానిమీద టీ ఆవిరి, బీడీ పొగ. ఇవన్నీ కలిసి ప్లాస్టిక్ మీద ఒక జిడ్డు పొర కడతాయి. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి, మెత్తటి బ్రష్షుతో ఒక మూల రుద్దండి. నీళ్లు గోధుమ రంగుకు తిరిగి, కింద తెలుపు కనబడిందా? మీకు ఈ ఎపిసోడ్‌తో పని లేదు, మొత్తం కడుక్కోండి చాలు. కడిగినా పసుపు పోలేదంటే అది పైన పట్టిన పొర కాదు, ప్లాస్టికే మారిపోయింది. ఇంకో గుర్తు చెప్తాను. కంపెనీ పేరున్న స్టిక్కర్ అంచు కొంచెం లేపి చూడండి, లేదంటే మూత తీసి లోపలి వైపు చూడండి. అక్కడ కనబడేదే అసలు రంగు. ఈ అసలు రంగును గుర్తు పెట్టుకోండి, తర్వాత మళ్లీ దీంతో పని పడుతుంది.

ఇప్పుడు, ప్లాస్టిక్ ఎందుకు మారింది? కంప్యూటర్ డబ్బాలకు ఎక్కువగా వాడింది ఏబీఎస్ అనే ప్లాస్టిక్. పేరులోని మూడు అక్షరాలు మూడు సరుకులు: యాక్రిలోనైట్రైల్, బ్యూటాడయీన్, స్టైరీన్. మధ్యలో ఉన్న బ్యూటాడయీన్ రబ్బరు లాంటిది. డబ్బా కింద పడినా పగలకుండా కాపాడేది అదే, తొందరగా పాడయ్యేదీ అదే. దాని అణువుల్లో జంట బంధాలు ఉంటాయి. వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఆక్సిజన్ ఆ బంధాలను పట్టుకుంటాయి. ఏండ్లు గడిచేకొద్దీ అక్కడ కొత్త అమరికలు పుడతాయి. అవి నీలి వెలుతురును మింగేస్తాయి. నీలం పోతే మన కంటికి మిగిలేది పసుపే.

ఇది అర్థం కావాలంటే కెమిస్ట్రీ పుస్తకం అక్కర్లేదు. తెల్ల చొక్కా మీద పప్పుచారు పడితే ఇంట్లో పెద్దోళ్లు ఏం చేస్తారు? ఉతికి ఎండలో వేస్తారు. పసుపు మరక సాయంత్రానికి మాయం. పసుపుకొమ్ములో రంగునిచ్చే కర్క్యుమిన్‌లో కూడా జంట బంధాలు ఒకదాని పక్కన ఒకటి గొలుసులా ఉంటాయి. ఎండ ఆ గొలుసును తెంపుతుంది, రంగు పోతుంది. ప్లాస్టిక్‌లో పుట్టిన పసుపు కూడా ఈ జాతిదే, కానీ చాలా మొండిది. చొక్కాకు ఒక పూట ఎండ చాలు. దీనికి ఎండతో పాటు ఇంకో తోడు కావాలి.

ఇక్కడ ఒక మాట. ఈ విషయం మీద వీడియోలు చూసినవాళ్లు "బ్రోమిన్ వల్ల పసుపెక్కుతుంది" అని వినింటారు. డబ్బాకు నిప్పు అంటుకోకుండా ప్లాస్టిక్‌లో బ్రోమిన్ కలిపిన మందు వేసేవాళ్లు, అది నిజం. అది పసుపుకు తోడ్పడి ఉండొచ్చు. తప్పంతా దానిమీదే వేయడం మాత్రం నాకు సరిగా అనిపించదు. అలాంటి మందు అవసరం లేని ఏబీఎస్ బొమ్మ ఇటుకలు కూడా పసుపెక్కుతాయి కదా. ఇంకోటి, ఒకే డబ్బాలో పైమూత ముదురుగా, కిందిమూత తెల్లగా ఉండటం చాలా మంది చూసే ఉంటారు. ఒకే గదిలో, ఒకే ఎండలో ఉన్నవే అవి. ఆ రెండు ముక్కలకూ వాడిన ప్లాస్టిక్ వేరే దఫాలో తయారైంది, కలిపిన పాళ్లు వేరు, అంతే. కాబట్టి "మాది బాగా చూసుకున్నాం, అయినా పసుపెక్కింది" అని బాధపడకండి. చాలా వరకు అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తలరాతే.

సరే, విరుగుడు. 2008 ప్రాంతంలో విదేశాల్లో కమోడోర్, అమీగా లాంటి పాత కంప్యూటర్లు దాచుకునేవాళ్లు కొందరు కలిసి ఒక పద్ధతి పట్టుకున్నారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి వెలుతురులో పెట్టడం. దానికి రెట్రోబ్రైట్ అని పేరు పెట్టారు. ప్రపంచమంతా అదొక కొత్త కనుగోలు అన్నట్టు మాట్లాడుకుంది. ప్లాస్టిక్ విషయంలో కొత్తదే, కాదనను. కానీ నేతగాళ్ల ఊరికి వచ్చి ఈ మాట చెప్తే నవ్వుతారు. ఎమ్మిగనూరు అంటేనే మగ్గం. మాచాని సోమప్ప గారు 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి దేశమంతా పేరు తెచ్చింది. అక్కడ ఎవరినైనా అడగండి, కోరా నూలు తెల్లబడాలంటే ఏం చేయాలో చెప్తారు. చలువ చేయాలి. వెనకటికి చాకలివాళ్లు చౌడు మట్టి పెట్టి, బాన మీద ఉబ్బేసి, ఏటి ఒడ్డున ఎండలో ఆరేసి చలువ చేసేవాళ్లు. ఇప్పుడు నూలు, బట్ట తెల్లబరిచే యూనిట్లలో ఎక్కువగా వాడేది ఈ హైడ్రోజన్ పెరాక్సైడే. కాస్టిక్ సోడా కలిపి, వేడి చేసి వాడతారు. అంటే మందు అదే, మారింది సరుకు ఒక్కటే: నూలు బదులు ప్లాస్టిక్.

అందుకే ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. బట్టల పనికి అమ్మే క్యాన్లలో ఉండేది 35 శాతం, 50 శాతం పెరాక్సైడ్. తెలిసిన అన్న ఒక లీటరు ఇస్తానంటాడు, ఆశపడొద్దు. అది చర్మం మీద పడితే తెల్లగా కాలిపోతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. మనకు అంత ఘాటు అక్కర్లేదు. మందుల అంగట్లో పుండ్లు కడగడానికి అమ్మే సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది చూడండి, అది 6 శాతం. బ్యూటీ పార్లర్ సామాన్ల అంగట్లో జుట్టు రంగుకు కలిపే డెవలపర్ క్రీము దొరుకుతుంది. అందులో 20 వాల్యూమ్ అంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. ఇవి చాలు. వీటికి కూడా రబ్బరు గ్లవుజులు, కండ్లద్దాలు తప్పనిసరి.

మొదలుపెట్టే ముందు రెండు పనులు. ఒకటి, మిషన్ ఇంకా ఆన్ అవుతుంటే లోపలున్న ఫైళ్లను ముందు బయటికి తీయండి. డీటీపీ అంగళ్లకు ఇది మరీ మరీ చెప్తున్నాను. యూనికోడ్ రాకముందు అను ఫాంట్స్‌లో టైపు చేసిన తెలుగు ఆ డిస్కుల్లోనే ఉంది. ఊరి పండగల కరపత్రాలు, చనిపోయిన పెద్దల సంస్మరణ పుస్తకాలు, చిన్న కవుల సంకలనాలు, వీటిలో చాలా వాటికి ఇంకో కాపీ ఉండదు. డబ్బా తెల్లబడి డిస్కు పోతే ఏం లాభం? రెండోది, గాజు ట్యూబు ఉన్న పాత మానిటర్‌ను మీరు విప్పొద్దు. కరెంటు తీసేసినా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. టీవీ రిపేరు చేసే మనిషి చేతే విప్పించి, ముందు ఫ్రేము, వెనక డబ్బా మాత్రం తీసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లు కీబోర్డు మీటలతో మొదలుపెట్టండి. ముందు కీబోర్డును ఫోన్‌లో ఫోటో తీసుకోండి, లేకపోతే మళ్లీ పెట్టేటప్పుడు ఏ మీట యాడిదో వెతుక్కోవాలి. మీటలు పీకి, సబ్బు నీళ్లలో కడిగి, స్పేస్ బార్ కింద ఉండే ఇనుప కమ్మీ తీసేయండి. పెరాక్సైడ్ తగిలితే తుప్పు పడుతుంది. కొన్ని పాత కీబోర్డుల్లో మీటలన్నీ తెల్లగా ఉండి స్పేస్ బార్ ఒక్కటే పసుపెక్కి ఉంటుంది. ఆ మీటలు పీబీటీ అనే వేరే ప్లాస్టిక్, స్పేస్ బార్ మాత్రం ఏబీఎస్. అట్లాంటప్పుడు ఆ ఒక్క ముక్కకే వైద్యం చేస్తే సరిపోతుంది. గాజు గిన్నెలో మీటలు వేసి, మునిగేదాకా 6 శాతం మందు పోసి, తేలకుండా పైన ఇంకో గాజు గిన్నె బరువు పెట్టి మిద్దె మీద ఉంచండి. మీటల మీది అక్షరాలు పైపైన అచ్చు వేసినవైతే చెరిగిపోయే ప్రమాదం ఉంది. ముందు ఎక్కువ వాడని మీట ఒకటి వేసి చూడండి, ఎఫ్ 12 లాంటిది. ఎరుపు, నీలం రంగు మీటలు వేయకండి, అవి వెలిసిపోతాయి.

పెద్ద ముక్కలకు, అంటే సీపీయూ ముందు పలక, ప్రింటర్ మూత, మానిటర్ ఫ్రేము లాంటి వాటికి, మందుల అంగడి సీసాలు కొని తొట్టి నింపలేం. దీనికి సోడియం పెర్‌కార్బొనేట్ అనే పొడి బాగా పనికొస్తుంది. బట్టల మరకలకు వానిష్ లాంటి పేర్లతో అమ్మే పొడుల్లో అసలు మందు ఇదే. విడిగా కూడా కిలోల లెక్కన దొరుకుతుంది. దీని బరువులో దాదాపు మూడో వంతు పెరాక్సైడ్‌గా విడుదల అవుతుంది. లీటరు నీళ్లకు 100 గ్రాముల పొడి వేస్తే సుమారు 3 శాతం మందు తయారైనట్టు. గోరువెచ్చటి నీళ్లలో కలపండి. బుడగలు వస్తుంటాయి, అది ఆక్సిజన్. అందుకే ఈ నీళ్లను మూత బిగించిన సీసాలో ఎప్పుడూ దాచొద్దు, పేలుతుంది. ఇందులో బ్లీచింగ్ పౌడరు, యాసిడ్, వెనిగర్ ఏదీ కలపొద్దు. "బ్లీచింగ్ కూడా తెల్లబరుస్తుంది కదన్నా" అంటారు. బట్టకు, బాత్‌రూముకు సరే. ఈ పసుపును అది తీయదు, పైగా ప్లాస్టిక్‌ను చెడగొడుతుంది.

తొట్టి లేదంటే క్రీము పద్ధతి. డెవలపర్ క్రీమును బ్రష్షుతో మందంగా పూసి, ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి ఎండలో పెడతారు. నాకు ఈ పద్ధతి మీద అంత ప్రేమ లేదు. ఎందుకంటే కవరు కింద గాలి బుడగ ఉన్నచోట ఒక రకంగా, క్రీము ఆరినచోట ఇంకో రకంగా తెల్లబడి, ఆవు ఒంటి మీద మచ్చల్లాగా తయారవుతుంది. ఆ మచ్చలు మళ్లీ పోవు. చేయక తప్పకపోతే అరగంటకొకసారి కవరు తీసి, క్రీము మళ్లీ పరిచి, ముక్కను తిప్పుతూ ఉండాలి. తొట్టిలో ముంచితే ఈ బాధ లేదు, అన్ని వైపులా ఒకేలా పని జరుగుతుంది.

ఇక ఎండ. విదేశాల్లో దీనికోసం యూవీ దీపాలు కొని పెట్టెలు కట్టుకుంటారు. మనకు ఆ ఖర్చు లేదు. అయితే మన ఎండ వరమే కాదు, తొందర పెట్టే గుణం కూడా దానికుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోనిలో 40 డిగ్రీలు దాటుతుంది. నల్ల తొట్టిలో నీళ్లు ఇంకా కాగుతాయి. వేడి ఎక్కువైతే పని బిన్నా అవుతుంది, అది మంచిదే. కానీ పల్చటి ముక్కలు వేడికి మెత్తబడి వంగిపోతాయి. తెల్ల తొట్టి వాడండి, ముక్కను నిలబెట్టకుండా పడుకోబెట్టండి, నడి ఎండలో కాకుండా పొద్దున 8 నుంచి 12 దాకా పెట్టుకోండి. గంటకోసారి తిప్పి, స్టిక్కర్ కింద చూసిన అసలు రంగుతో పోల్చుకోండి. ఆ రంగు వచ్చిన క్షణమే ఆపేయాలి. "ఇంకొంచెం తెల్లగా వస్తే బాగుంటుంది" అని ఉంచారంటే పైపొర సుద్ద పూసినట్టు తెల్లగా పాలిపోతుంది. ఆ కంప్యూటర్లు పుట్టినప్పుడే పాలతెలుపు కాదు, లేత గోధుమ కలిసిన తెలుపు. మన లక్ష్యం ఆ రంగే.

మందేమీ లేకుండా ఒట్టి ఎండలో పెట్టి తెల్లబరుస్తున్నవాళ్లు కూడా ఉన్నారు. పసుపెక్కించిన ఎండే పసుపు తీస్తుందా అంటే, వినడానికి వింతే. కానీ ఎండలో అన్నీ ఒకే రకం కిరణాలు కావు. ప్లాస్టిక్‌ను చెడగొట్టేవి ముఖ్యంగా పొట్టి తరంగాలు. పుట్టిన పసుపును విరగ్గొట్టేది నీలి వెలుతురు, దాని పక్కనున్న కిరణాలు. పసుపు రంగు మింగేది నీలాన్నే కదా, ఆ మింగిన వెలుతురే దాన్ని విరుస్తుంది. ఈ పద్ధతికి గంటలు కాదు, రోజులు పడుతుంది. ముక్క మీద గాజు పలక కప్పితే పొట్టి తరంగాలు చాలా వరకు ఆగుతాయి, కానీ వేడి పెరుగుతుంది, చూసుకోవాలి. ముదురు పసుపుకు ఇది చాలదు. లేత పసుపుకు మాత్రం నేను మొదట దీన్నే చెప్తాను, చర్మం కాలదు, మచ్చలు పడవు.

ఇంత చేశాక ఒక చేదు మాట కూడా చెప్పాలి. పసుపు మళ్లీ వస్తుంది. కొన్ని ముక్కలకు చాలా ఏండ్లు పడుతుంది, కొన్నింటికి రెండు మూడేండ్లే. చీకటి అల్మారాలో దాచినా వచ్చిన ముక్కలున్నాయి. మనం తీసింది రంగు మాత్రమే, జబ్బు లోపలే ఉంది. బ్యూటాడయీన్ పోగొట్టుకున్న బలం ఏ పెరాక్సైడ్‌తోనూ తిరిగి రాదు. అందుకే తెల్లబడింది కదా అని మూతను పాత రోజుల్లాగా స్క్రూడ్రైవర్ పెట్టి లేపొద్దు, కొక్కేలు పుటుక్కున విరుగుతాయి.

అందుకే కొందరు పెయింటే మేలంటారు. ఎప్పుడు మేలు? మచ్చలు పడి బాగుచేయడానికి వీలుకానప్పుడు, పగిలి అతికించినప్పుడు, లేదంటే ఇంతకుముందే ఎవరో బ్రష్షుతో ఏషియన్ పెయింట్ పూసిపెట్టినప్పుడు. కార్లకు డెంటింగు, పెయింటింగు చేసే షెడ్డుకు తీసుకుపోతే వాళ్లే చేస్తారు. కానీ మీరు పక్కనే నిలబడండి. వాళ్లకు అలవాటైంది ఇనుప రేకు. రేకును తుడిచినట్టు థిన్నర్‌తో గట్టిగా తుడిస్తే ఏబీఎస్ కరిగి జిగురైపోతుంది. సబ్బు నీళ్లతో కడిగి, 600 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్ది, ప్లాస్టిక్ ప్రైమరు కొట్టి, పల్చగా రెండు మూడు కోట్లు వేయాలి. పొడిగా రుద్దొద్దు. నిప్పు మందు కలిసిన ప్లాస్టిక్ దుమ్ము పీల్చుకోవడం మంచిది కాదు. రంగు కలపడానికి లోపలి వైపు ముక్క చూపించండి, బయటి వైపు కాదు. ఇంకో నష్టం ముందే తెలుసుకోండి. డబ్బా మీద ఇసుక చల్లినట్టు సన్నటి గరుకు ఉంటుంది, అచ్చులోనే వచ్చింది. పెయింటు దాన్ని పూడ్చేస్తుంది. కంపెనీ పేరు, పోర్టుల పక్కన చిన్న అక్షరాలు కూడా కింద పడిపోతాయి. తర్వాత మనసు మారినా పాత రూపం తిరిగి తెచ్చుకోలేరు. చలువకూ రంగుకూ తేడా ఇక్కడే ఉంది.

కొన్నింటికి రెండూ వద్దు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటిని మనదేశంలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ యూనికార్న్ పేరుతో తయారు చేసింది. ఏ బడి స్టోరు రూములోనైనా అట్లాంటిది కనబడితే, దయచేసి తొట్టిలో ముంచకండి. దుమ్ము మాత్రం దులిపి, బడి పేరు రాసిన తెల్ల పెయింటు నంబరు, స్టాకు రిజిస్టరు గుర్తు, అన్నీ అట్లనే ఉంచి ఫోటోలు తీయండి. ఆ పసుపు కూడా దాని వయసుకు సాక్ష్యమే.

ఇక బాగుచేయలేం, అమ్మేద్దాం అనుకునేవాళ్లకు. తూకానికి వేసిన డబ్బా చివరికి యాడికి పోతుందో ఒకసారి ఆలోచించండి. రాగి తీగల కోసం ఊరి బయట కాలబెట్టే కుప్పలో ఇదీ కలిస్తే, బ్రోమిన్ ఉన్న ప్లాస్టిక్ నుంచి డయాక్సిన్ల జాతి విషపు పొగ వస్తుంది. ఆ పొగ పీల్చేది కాలబెట్టే పిల్లోడు, పక్కనున్న గుడిసెలు. ఈ-వ్యర్థాలు తీసుకోవడానికి రిజిస్టరైన సంస్థలు ఉన్నాయి. ఒక్కరు పంపాలంటే కష్టం గానీ, బజారులో నాలుగు అంగళ్లవాళ్లు కలిసి పోగేస్తే ఒక ఆటో నిండుతుంది.

తెల్లబరిచినవాళ్లు ముక్కల్ని మంచి నీళ్లలో రెండుసార్లు కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, అప్పుడే బిగించండి. మూలల్లో తడి ఉంటే బోర్డు పోతుంది. తర్వాత మిషన్‌ను కిటికీ ఎదురుగా పెట్టొద్దు, రాత్రి పూట ఒక నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు వద్దు, వేడిని పట్టి ఉంచుతుంది. వాడేసిన మందు నీళ్లకు ఇంకా బాగా నీళ్లు కలిపి మోరీలో పోసేయొచ్చు, చెట్లకు మాత్రం పోయొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ రిబ్బన్‌కు మళ్లీ ఇంకు ఎట్ల పట్టించాలో చూద్దాం.